ముందు మాదిరి లేడు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇళ్లలో ఆడవాళ్ల చెవి ఎప్పుడూ మగ్గం మీదే ఉంటుంది. వంటింట్లో పప్పు రుబ్బుతున్నా, వాకిట్లో ఆసు పోస్తున్నా లోపలి చప్పుడును బట్టి అన్నీ తెలిసిపోతాయి. పని సాగుతోందా, పోగు తెగిందా, మనిషి ఊరికే కూర్చున్నాడా అన్నది తొంగి చూడనక్కర్లేదు. అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇరవై ఏళ్లుగా గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుంటున్న మనిషి. ఆర్నెల్లుగా ఆ చప్పుడు మారింది. కాసేపు ఆడుతుంది, ఆగిపోతుంది. ఎప్పుడూ దిగే గడువుకు చీర దిగడం లేదు. దిగిన చీరలో బుటా పక్కన పోగు తప్పులు. షావుకారు చీరను వెలుతురుకు పట్టి చూసి కూలి కోస్తాడు. "కండ్లు కనపడటం లేదేమో, అద్దాలు మార్పిచ్చుకోప్పా" అంటాడు. కంటి డాక్టరు దగ్గరికీ పోయి వస్తారు. చూపు బాగానే ఉందంటాడు ఆయన.

ఒకరోజు బోరింగు దగ్గర ఆ ఇంటామె పక్కింటామెతో అంటుంది: "ఈయప్ప ముందు మాదిరి లేడక్కా. పిలిస్తే పలకడు. రాత్రంతా కండ్లు మూయడు."

మానసిక వైద్యం చదువుకున్నవాళ్లు రోగిని చూసేటప్పుడు వెతికేది సరిగ్గా ఈ మాటనే. పుట్టినప్పటి నుంచీ మితభాషి అయిన మనిషి మౌనంగా ఉంటే అది అతని స్వభావం. రచ్చబండ దగ్గర నోరు మూయనివాడు నెల రోజులుగా గడప దాటకపోతే, అది లక్షణం. మనిషిని పక్కింటివాడితో పోల్చి చూస్తే ఏమీ తేలదు, అతణ్ని అతనితోనే పోల్చాలి. డాక్టరు చూసేది ఈరోజు ఎదురుగా కూర్చున్న మనిషిని మాత్రమే. 'ముందు' ఎలా ఉండేవాడో ఏ రక్తపరీక్షా చెప్పదు, ఏ స్కానింగూ చెప్పదు. అది ఇంట్లోవాళ్లకే తెలుసు.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. మూడూ గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే రైలు దారి మీద ఉన్న ఊళ్లే. దేశంలోనే పేరున్న మానసిక ఆసుపత్రి నిమ్‌హాన్స్ ఆ దారి చివరనే, బెంగళూరు డెయిరీ సర్కిల్ పక్కన ఉంది. హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. తెల్లారి రైలెక్కితే పొద్దెక్కేసరికి ఊళ్లో దిగొచ్చు. కానీ "ముందు మాదిరి లేడు" అన్న మాటకూ ఆ రైలు టికెట్టుకూ మధ్య చాలా ఇళ్లలో ఏళ్లు గడిచిపోతున్నాయి. పోతున్న ఆ ఏళ్ల గురించే ఈ కథనం.

జబ్బుకు ముందు పెట్టే పేర్లు

మనిషి మారాడని ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేక కాదు. గుర్తుపట్టాక దానికి పెట్టే పేరు దగ్గర దారి తప్పుతోంది. కుర్రవాడైతే సోమరితనం, పొగరు. కోడలైతే నాటకం. ముసలాయనైతే చాదస్తం. ఇంకా ముదిరితే గాలి సోకింది, చేతబడి చేశారు, గ్రహచారం బాగాలేదు. మరీ ముదిరితే తిక్క. ఆ ఒక్క మాట పడ్డాక ఇక ఆసుపత్రి ఊసెత్తడానికే ఇంట్లో జంకుతారు. చెల్లెలి పెళ్లి సంబంధం తప్పిపోతుందని భయం.

అన్నిటికంటే ఎక్కువ కీడు చేసేది "పెండ్లి చేస్తే అదే కుదురుకుంటుంది" అన్న సలహా. మొదట జబ్బు ఒక మనిషిదే. పెళ్లయ్యాక ఏ సంగతీ చెప్పకుండా కట్టబెట్టిన మరో మనిషి బతుకు కూడా అందులో ఇరుక్కుంటుంది. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, నిద్ర తప్పడం, ఇచ్చే మందులు దాచి మాన్పించడం, వీటితో ఉన్న జబ్బు ఎదురు తిరుగుతుంది.

నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్ ఆ 12లో లేదు. ఆ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి 10.6 మంది సర్వే నాటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. అంతకంటే బాధాకరమైన అంకె ఇంకొకటుంది. చికిత్స అవసరమై కూడా అందనివాళ్లు, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం. ఇంటి కడుపులో దాచుకున్న దుఃఖం లెక్క అది.

ఒళ్లు చెప్పే మనేద

రాయలసీమలో 'మనేద' అనే మాట ఉంది. "ఊరికే మనేద పెట్టుకోవద్దు" అంటారు. డిప్రెషన్ అనే ఇంగ్లిషు పదం రాకముందే మనసు కుంగి మనిషిని తినేయడం మన పల్లెలకు తెలుసనడానికి ఆ మాటే సాక్ష్యం. తెలియనిదల్లా అది బీపీ, షుగరు మాదిరి మందుకు లొంగే జబ్బని.

పైగా అది మన దగ్గర ఏడుస్తూ రాదు. ఆర్‌ఎంపీ దగ్గరికి వచ్చే ఆడమనిషి "మనసు బాగాలేదు" అనదు. తల బరువంటుంది, గుండె దడంటుంది, అరికాళ్ల మంటలంటుంది. ఒళ్లంతా సూదులతో గుచ్చినట్టుందంటుంది. ఆమెకు సెలైను ఎక్కిస్తారు, బలం సూది వేస్తారు. రెండు రోజులు గుణం కనిపిస్తుంది, మళ్లీ మామూలే. ఫైలు లావెక్కుతుంది, ఈసీజీలన్నీ బాగుంటాయి. ఆ నొప్పులు అబద్ధం కాదు. కుంగుబాటులో ఒళ్లు నిజంగానే నొప్పెడుతుంది. అయితే ఎవరూ ఆమెను మూడు మాటలు అడగరు: తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందా? తిన్నది సయిస్తోందా? ముందు ఇష్టపడి చేసే పని ఏదైనా ఇప్పుడు చేయబుద్ధి కావడం లేదా?

ఈ చివరి ప్రశ్న ముఖ్యమైనది. దిగులు అందరికీ ఉంటుంది. వేరుశనగ పంట ఎండితే, అప్పులవాడు వాకిట్లో కూర్చుంటే దిగులు పడని రైతు ఉండడు. కానీ దిగులులో ఉన్న మనిషి కూడా మనవరాలు వచ్చి మెడకు చుట్టుకుంటే ఒక్కసారి నవ్వుతాడు. కుంగుబాటులో ఆ నవ్వు కూడా రాదు. వదలని విచారం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం, చిన్న పనికే అలసట, తాను పనికిరానివాణ్నన్న భావన, చావు ఆలోచన. వీటిలో కొన్ని కలిసి రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ ఉంటే డాక్టరుకు చూపించాలి. మగవాళ్లలో ఇదే జబ్బు చాలాసార్లు కోపంగా, తాగుడుగా బయటపడుతుంది. థైరాయిడ్ తగ్గినా, బి12 లోపించినా ఇవే లక్షణాలు రావచ్చు కాబట్టి డాక్టరు ముందు ఆ పరీక్షలు రాస్తారు. రాయకపోతే అడగాలి.

బెంగళూరులో పెరిగిన నటి దీపికా పదుకొణె తన కుంగుబాటు గురించి 2015లో బహిరంగంగా చెప్పారు. చేతిలో సినిమాలున్నాయి, పేరుంది, డబ్బుంది. అయినా పొద్దున లేస్తే కడుపులో ఏదో ఖాళీ. చూడటానికి వచ్చిన తల్లి తిరిగి బయల్దేరుతుంటే ఆమె ఏడుపు ఆపుకోలేకపోయారు. ఇది మామూలు ఏడుపు కాదని ముందు పసిగట్టింది ఆ తల్లే. నిపుణుల దగ్గరికి వెళ్లడం ఆ తర్వాతి మాట. గమనించే కన్ను ముంబై ఫ్లాట్‌లోనైనా, ధర్మవరం మగ్గమింట్లోనైనా ఒక్కటే.

'మందు పెట్టారు'

ఇక తీవ్రమైన జబ్బులు. స్కిజోఫ్రీనియా ఎక్కువగా పదిహేడు, ఇరవై ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. ఆడవాళ్లలో కొంచెం ఆలస్యంగా. ఒక్క రాత్రిలో వచ్చి పడేది తక్కువ. ముందు ఇంటర్ చదివే పిల్లవాడు స్నేహితులను వదిలేస్తాడు. స్నానం మానేస్తాడు. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుతాడు. ఎవరూ లేని వైపు తల తిప్పి వింటాడు, తనలో తానే నవ్వుకుంటాడు. వీధిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే అది తన గురించే అంటాడు. ఒకరోజు కంచం తోసేసి, "అన్నంలో మందు పెట్టినారు" అంటాడు.

ఇక్కడే ఇంట్లోవాళ్లు మోసపోతారు. మందు పెట్టడం అన్న నమ్మకం మన ఊళ్లలో ముందే ఉంది కాబట్టి, కొడుకు చెప్పేది లక్షణమని వాళ్లకు తోచదు. ఎవరు పెట్టి ఉంటారా అని వెతకడం మొదలుపెడతారు. దాయాదుల మీద అనుమానం, మందు కక్కించేవాడి దగ్గరికి ప్రయాణం. భ్రమ ఎప్పుడూ తాను పుట్టిన ఊరి బట్టలే కట్టుకుంటుంది. పట్నంలో అదే జబ్బున్న కుర్రవాడు తన ఫోనును ఎవరో వింటున్నారంటాడు, మన ఊళ్లో చేతబడి అంటాడు. తేడా తెలుసుకోవడానికి ఆ నమ్మకాన్నే చూస్తూ కూర్చుంటే లాభం లేదు, మిగతా బతుకును చూడాలి. నిద్ర ఉందా, స్నానం ఉందా, చదువో పనో సాగుతోందా, సొంత తల్లి చేతి అన్నం తింటున్నాడా?

పూనకం కూడా ఇలాగే. జాతరలో డప్పు మీద దెబ్బ పడగానే ఊగి, హారతి ఇవ్వగానే చల్లబడి, మర్నాడు కూలికి పోయే మనిషిని రోగి అనరు. మానసిక వైద్యులూ అనరు. జాతర లేదు, డప్పు లేదు, అయినా వారాల తరబడి ఎవరి గొంతుతోనో మాట్లాడుతుంటే, పిల్లలకు అన్నం పెట్టడం కూడా మరిచిపోతే, అప్పుడు వైద్యం కావాలి.

స్కిజోఫ్రీనియాలో మనిషి ముడుచుకుపోతే, దానికి పూర్తిగా ఎదురుగా కనిపించే జబ్బు ఇంకొకటుంది. దాన్ని ఇంటిల్లిపాదీ మొదట మెచ్చుకుంటారు కూడా. హిందూపురం చింతపండు మార్కెట్‌లో చిన్న వ్యాపారి ఒకడు ఉన్నట్టుండి మూడు లారీల సరుకు బేరమాడాడనుకుందాం. రాత్రి రెండు గంటలే పడుకుంటాడు, అలసట లేదు. మాట మీద మాట, ఒక లెక్క చెబుతూ ఇంకో లెక్కలోకి దూకుతాడు. కనబడినవాడికల్లా డబ్బు ఇస్తాడు, వద్దన్నవాడి మీద చెయ్యెత్తుతాడు. హుషారు అనుకున్నది వారం దాటితే అది ఉన్మాదం. కొన్నాళ్లకు ఇదే మనిషి గోడవైపు తిరిగి పడుకుని లేవడు. ఈ రెండూ ఒకే జబ్బుకు రెండు వైపులు, బైపోలార్ అంటారు. దీనికి వాడే లిథియం ఉపయోగాన్ని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ బయటపెట్టాడు. రక్తపరీక్షలు చేయించుకుంటూ క్రమం తప్పకుండా వాడితే ఇప్పటికీ అది గట్టి మందే.

మాల వేసిన మూడో రోజు

కార్తీకంలో జరిగే ఒక ప్రమాదాన్ని విడిగా చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేస్తాడు. ఇల్లంతా సంతోషిస్తుంది. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు. రెండో రోజు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మనిషికి తానెక్కడున్నాడో తెలియదు. గోడ మీద పాములు, తేళ్లు కనబడుతున్నాయంటాడు, కనబడనివాళ్లతో మాట్లాడతాడు. దీక్షలో ఏదో అపచారం జరిగిందనుకుని ఇంట్లోవాళ్లు గురుస్వామి దగ్గరికి పరుగెడతారు. మద్యానికి అలవాటు పడిన మెదడు దాన్ని హఠాత్తుగా ఆపినందుకు చేసే తిరుగుబాటు అది. ప్రాణం తీయగలదు. ఆ గంటలో 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే చేర్చాలి. మానాలన్న సంకల్పం గొప్పది. అయితే రోజూ తాగే అలవాటున్నవాళ్లు మాలకు ముందే డాక్టరును కలిసి, మందుల సాయంతో మానడం మంచిది.

ఇలా గంటల్లో స్పందించాల్సిన మరో సందర్భం బాలింతరాలిది. కాన్పైన రెండు వారాల లోపల నిద్ర పూర్తిగా పోయి, పొంతన లేని మాటలు మాట్లాడుతూ, బిడ్డ తనది కాదనో, బిడ్డలో ఏదో చేరిందనో అంటుంటే పుట్టింట్లో దాన్ని బాలింత సన్నిపాతమంటారు, గాలి అంటారు, తలుపులు మూసి పొగ వేస్తారు. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో ఇది వస్తుంది. తల్లీబిడ్డల ఇద్దరి ప్రాణాలూ ప్రమాదంలో ఉంటాయి, ఇద్దరినీ ఒంటరిగా వదలకూడదు. సమయానికి వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు కూడా.

దర్గా, గుడి, గొలుసు

పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. సీమలో ఏ గుడికి పోయినా, ఏ దర్గాకు పోయినా, మొక్కు తీర్చుకునే జనంలో మనసు చెదిరిన బిడ్డ చేయి గట్టిగా పట్టుకున్న తల్లి ఒకామె కనబడుతుంది. ఆమె నమ్మకాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. ఆ ప్రాంగణంలో ఆమెకు దొరికే ఓదార్పు నిజమైనది, చాలాచోట్ల అంతకు మించి ఆమెను పలకరించేవాళ్లే ఉండరు. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గాలో ముజావర్లూ మానసిక వైద్యులూ కలిసి 'దవా-దువా' పేరుతో పని చేస్తున్నారు. ప్రార్థన చేయించినవాళ్లే మందు కోసం పక్క గదికి పంపుతారు. సీమ క్షేత్రాల్లో ఇలాంటి గది ఒకటి ఉంటే ఎన్ని ఇళ్లకు ఏళ్లు మిగులుతాయో.

గొలుసు సంగతి వేరు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా పక్కనున్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పరుగెత్తలేకపోయారు. 28 మంది కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని గొలుసుతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా చూడకుండా, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించి సాయం చేయాలని కూడా ఆ చట్టమే చెబుతోంది.

పక్క జిల్లా నేర్పిన పాఠం

లక్షణాలు గుర్తుపట్టడానికి పెద్ద చదువు కావాలా? ఈ ప్రశ్నకు జవాబు మన పక్కనే దొరికింది. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి జిల్లా నుంచి విడిపోయి ఏర్పడింది. ఆ బళ్లారిలోనే 1985లో నిమ్‌హాన్స్ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ, ఊరూరా తిరిగే ఆరోగ్య కార్యకర్తలకూ కొన్ని లక్షణాలు నేర్పారు. ఒంటరిగా మాట్లాడుకునేవాళ్లు, ఉన్నట్టుండి పని మానేసినవాళ్లు, మూర్ఛలు వచ్చేవాళ్లు ఊళ్లో ఎవరున్నారని అడిగి తెలుసుకుని పీహెచ్‌సీకి తీసుకురావడం, అక్కడే మందులివ్వడం. అంతే. అది నడిచింది. ఆ బళ్లారి నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలైంది. అందులో ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్.

ఈరోజు ఆ పని చేయగలిగినవాళ్లు ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పొదుపు సంఘం లీడరు. మందులషాపులో రోజూ నిద్రమాత్రలు అడిగే మనిషిని చూసే కుర్రవాడు కూడా. అనుమానం వస్తే మొదట దగ్గరున్న ప్రభుత్వాసుపత్రికి పోవచ్చు. అనంతపురం ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంటి నుంచి కదలలేకపోతే 14416కు ఫోన్ చేయాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ నంబరు అది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆ ఫోను ఆలస్యం చేయకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. "నేను లేకపోతే మీరు సుఖంగా ఉంటారు" అనడం. ఉన్నట్టుండి అప్పులూ లెక్కలూ చక్కబెట్టడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం. నెలల కలత తర్వాత ఒక్కసారిగా విచిత్రంగా నెమ్మదించడం. అప్పుడు "చచ్చిపోవాలనిపిస్తోందా అన్నా?" అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ ప్రశ్నతో చాలామందికి గుండెలో బరువు దిగుతుంది. అడిగాక ఒంటరిగా వదలకూడదు, ప్రమాదకరమైనవేవీ చేతికి అందకుండా తీసేయాలి.

మందు మొదలయ్యాక ఇంకో అగడ్త ఉంటుంది. కుంగుబాటు మందులు పని చేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో నోరెండడం, మత్తు మాత్రమే కనబడి, "ఇవి నిద్రమాత్రలే" అని మానేస్తారు. ఇంకొందరు గుణం కనబడగానే మానేస్తారు. రెండు నెలలు బాగుండి జబ్బు తిరగబెడితే "మందులు పని చేయలేదు" అంటారు. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో రాసిన డాక్టరే చెప్పాలి. జబ్బు దీర్ఘకాలమై పని చేసుకోలేని స్థితి ఉంటే సదరం ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. మానసిక అనారోగ్యం 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యాల జాబితాలో ఉంది.

ఆసుపత్రికి పోయేటప్పుడు పాత చీటీలతోపాటు ఒక కాగితం రాసుకుని పోతే డాక్టరుకు ఎంతో సాయం. నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎట్లా ఉంది, పని ఎప్పుడు మానేశాడు, తాగుడు ఉందా, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇలా వచ్చిందా, ఏ మందులు వాడి ఎందుకు ఆపారు. అన్నిటికంటే పైన రాయాల్సింది, ఎప్పటి నుంచి.

నిమ్‌హాన్స్ ఓపీ క్యూలో కన్నడం పక్కనే తెలుగు వినబడటం కొత్తేమీ కాదు. డాక్టరు అడిగే ఆ ప్రశ్నకు సీమ నుంచి వచ్చిన ఇంటివాళ్లు తేదీ చెప్పరు. "ఒక నెల నుంచి సార్" అంటుంది భార్య. పక్కనున్న అత్త తల అడ్డంగా ఊపుతుంది. "నెల యాడిది అమ్మీ, దసరాకే పలకరింపు లేదు కదా." భార్య కాసేపు ఆలోచిస్తుంది. "అవునత్తా. శనక్కాయ పెరికేటప్పుడు కూడా గట్టు మీద కూర్చునే ఉండె." అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడిన చిన్న కూతురు నెమ్మదిగా అంటుంది: "ఉగాదికి నాయన కొత్త చొక్కా తొడుక్కోలేదు."

డాక్టరు ఉగాది అని రాసుకుంటారు.